నలభై రోజుల కీర దోస

కొత్త కీర దోస విత్తనం వచ్చిందన్న కబురు మొదట నాకు చెప్పింది మా ఆఫీసు అటెండరు గారు. ఏ సంగతైనా ఆఫీసరు గారికంటే ముందు ఆయనకే తెలిసేది. ఆ పొద్దున నేను ఇంట్లో దీపం పెట్టుకుని, సంచి భుజాన వేసుకుని ఆఫీసు మెట్లెక్కుతుంటే ఎదురొచ్చి, "చెల్లెమ్మా, నీకో బిడ్డ వచ్చింది. పుట్టిన నలభయ్యో రోజుకే సంపాదన మొదలెడుతుందంట. మా ఇంట్లోవాళ్ళకి పాతికేళ్ళొచ్చినా ఆ బుద్ధి లేదు" అన్నారు. లోపల బల్ల మీద అట్టపెట్టె నిండా వెండి రంగు పొట్లాలు మెరుస్తున్నాయి.

ఆయన నవ్విస్తూ చెప్పిన ఆ మాటతోనే నా ఉద్యోగంలో నేను ఎక్కువగా సిగ్గుపడిన రోజులూ, దేవుడికి ఎక్కువగా దణ్ణం పెట్టుకున్న రోజులూ మొదలయ్యాయి. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలు "ఇన్నేళ్ళలో మీరు మర్చిపోలేనిది ఏంటండీ?" అని అడుగుతుంటారు. ఏదో పెద్ద విజయం చెబుతాననుకుంటారు. నాకు మాత్రం ఆ దోస పాదులే కళ్ళ ముందుకొస్తాయి.

మాది పల్లెల్లో ఆడవాళ్ళ చేత పెరటి కూరగాయలు పండించే చిన్న సంస్థ. నేను అక్కడ ఊళ్ళు తిరిగే మనిషిని. బడి మొహం చూడలేదు నేను. నూజివీడు బజారులో మా నాన్నగారికి పచారీ కొట్టు ఉండేది. పొట్లాలు కట్టే పాత కాగితాలు నా ముందు పెట్టి, అక్షరాలు కూడబలుక్కుని చదవమనేవారు. ఆ కాగితాల్లో ఏ కథకీ చివర ఉండేది కాదు. సగం కథ చదివాక మిగతాది ఎవరింటికో జీలకర్రతో పాటు వెళ్ళిపోయేది. అయినా చదవడం వచ్చింది. ఆ చదువు చూసే నన్ను పనిలో పెట్టుకున్నారు. విత్తనం పొట్లం మీద ఏముందో చదివి, అర్థమయ్యేలా చెప్పడమే నా పని. ఆ భిక్ష పెట్టిన నాన్నగారికి, ఈ అన్నం పెట్టిన సంస్థకు నేను రోజూ మనసులో నమస్కారం చేసుకుంటాను.

ఆ ఏడు నాకిచ్చిన ఊరు ముసునూరు వైపు, మామిడి తోటల మధ్య ఉండేది. కొత్త రకాన్ని ఎవరో ఒకరి పెరట్లో వేసి చూపించాలి. నలభై రెండో రోజున ఆఫీసరు గారు, చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు వచ్చి చూస్తారు. బాగుంటే ఆ చుట్టుపక్కలంతా విత్తనం పంచుతాం, లేదంటే ఆ ఊళ్ళ వంక మా వాళ్ళు ఇక చూడరు.

సంఘం మీటింగులో, "ఎవరి పెరడు ఇస్తారమ్మా?" అని అడిగాను.

"పప్పులో వేసుకునే దోసకాయేనా అండీ?" అంది ఒకామె.

"కాదమ్మా, పచ్చిగా తినే కీర దోస."

"పచ్చిగా తినేదానికి పందిరి కూడానా! మా ఆయన అన్నమే నమిలి తినడు" అని ఇంకొకామె అనేసరికి అందరూ నవ్వారు. ఒకరికి కోళ్ళున్నాయట, ఒకరికి నీళ్ళు లేవట. చివరికి వెనక గోడకు ఆనుకుని నిలబడిన ఒక పెద్దామె, "నా కాడ కంచె ఉందండీ, నీళ్ళున్నాయి" అని మెల్లగా అంది.

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఆమె ఊరి చివర మామిడి తోటకు కాపలా ఉంటుంది. తోట మూలన పెంకుల గది, దాని వెనక చిన్న పెరడు, తోట మోటారు నుంచి వచ్చే నీళ్ళ గొట్టం. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆ మీటింగులోనే నేను ఆమె అరచేతిలో విత్తనాలు పొయ్యబోతే చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నా చేత్తో వద్దమ్మా. మీరే పెట్టండి."

సంఘం లీడరమ్మ నన్ను పక్కకు లాగి చెవిలో చెప్పింది. లీడరమ్మ చురుకైన మనిషి, ఊళ్ళో ఎవరి మడిలోనైనా మొదటి పిడికెడు విత్తనం ఆవిడ చేత్తోనే పడాలి, అంత మంచి చెయ్యని పేరు. "మా అత్త చెయ్యి అచ్చిరాదు మేడంగారూ. వరసకి అత్తే, నాకేం కోపం లేదు. కానీ ఆవిడ పెట్టిన నిమ్మ బతకలా, కొబ్బరి బతకలా, ఆ ఏడే మొగుడూ పోయాడు. విత్తనాలేసే రోజున మేం గట్టు మీదకి కూడా రానివ్వం. ఆవిడే రాదు."

నేను ఊరుకుంటానా? ఒక ఉపన్యాసం ఇచ్చాను. మంచి చెయ్యి, చెడ్డ చెయ్యి అనేవి ఉండవని, దేవుడిచ్చిన చేతులన్నీ ఒకటేనని, మొలకెత్తించేది మట్టీ నీళ్ళూ అని. ఆ ఉపన్యాసం తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి. అందరి ఎదుటా పెద్దామె గుప్పిట తెరిచి విత్తనాలు పోశాను. 

బయటికొచ్చాక నాతో పాటు బస్సు దాకా నడిచి, "ఒక్క కాయ మేడంగారూ. నా చేతి మీద ఒక్క కాయ నిలబడితే చూసుకుని పోతా. ఇంకేం వద్దు" అంది.

రథసప్తమి నాడు, సూర్యుడికి దణ్ణం పెట్టుకుని, ఆమె ఒక్కో గుంటలో రెండేసి గింజలు పెట్టింది. ఐదో రోజుకు మొలకలు వచ్చాయి. నేను వారానికి రెండు సార్లు వెళ్ళేదాన్ని. ఆ దారి ఇప్పటికీ కలలోకి వస్తుంది. రెండు వైపులా పూత నిండిన మామిడి చెట్లు, తలలు పండిన పెద్దల్లాగా. ఆ వాసనలో నడుస్తుంటే సగం నిద్రలో ఉన్నట్టుండేది. మధ్యమధ్యలో తోటల్లో ట్రాక్టరు ఇంజను మోత, పూత మీదకు పొగలాగా లేచే మందు. పూతకు తేనెమంచు పురుగు పట్టకుండా అందరూ కొట్టుకునేదే. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కళ్ళు మూసుకుని గబగబా దాటిపోయేదాన్ని. దాని గురించి అంతకంటే ఏమీ ఆలోచించలేదు.

పాదులు మాత్రం చూడముచ్చటగా పెరిగాయి. వెదురు తడికల మీద తీగలు పాకి, అరచేతులంత ఆకులు వేశాయి. ఆమె తీగలతో మాట్లాడేది. "అటెక్కడికే, ఇటు రా. సిగ్గు లేకుండా పక్కోళ్ళ పందిరి ఎక్కుతావా" అని తిట్టేది. ఇరవై ఆరో రోజున పసుపు పూలు విచ్చాయి. ముందు కాయ కాయని పోతు పూలు, ఆ తర్వాత మొదట్లో చిన్న పిందె ఉన్న పూలు. ఆమె లెక్కపెట్టుకుని నాకు ఫోన్ చేయించేది.

ఆ తర్వాత పిందెలు రాలడం మొదలైంది.

చిటికెన వేలంత పిందె, రెండు రోజులకు పసుపు తిరిగి, ముడుచుకుని, కింద పడిపోయేది. నేను వేపనూనె కొట్టించాను. బూడిద చల్లించాను. నీళ్ళు తగ్గించమన్నాను, తర్వాత పెంచమన్నాను. వైద్యుడికి రోగం తెలియనప్పుడు మందులు ఎక్కువ రాస్తాడట, అలాగన్నమాట. ముప్పై రెండో రోజుకు పాదుల నిండా పూలే, ఒక్క కాయ లేదు. ఆఫీసు నుంచి సారు ఫోన్ చేసి, "అంతా సిద్ధమేనా అమ్మా?" అన్నారు. "సిద్ధమేనండీ" అన్నాను. దేవుడా, అబద్ధం ఆడాను, క్షమించు అనుకున్నాను.

ఆ మర్నాడు లీడరమ్మ కంచె దగ్గర నిలబడి, "నేను ముందే చెప్పలా?" అంది. గొంతులో ఎగతాళి లేదు. అందుకే ఆ మాట నాలోకి దిగింది.

ఇప్పుడు చెప్పబోయేది మీరు జాగ్రత్తగా వినాలి. ఇదంతా రాసేది దీని కోసమే.

ఆ సాయంత్రం నేను పెద్దామె దగ్గర కూర్చుని, ఎంతో ప్రేమగా అన్నాను: "పెద్దమ్మా, మీకు మోకాళ్ళ నొప్పులు కదా. ఓ పది రోజులు పాదుల దగ్గరికి వెళ్ళకండి. లీడరమ్మ వచ్చి నీళ్ళు పోస్తుంది."

ఆమె నా మొహం వంక చూసింది. మోకాళ్ళ నొప్పుల గురించి తను నాకు ఎప్పుడూ చెప్పలేదు.

"అట్టాగేనమ్మా" అంది. లేచి గొట్టం దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది. మట్టి ఏమీ లేదు ఆ చేతులకి. అయినా చాలాసేపు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుని, "టీ పెట్టమంటారా?" అని అడిగింది.

నేను బస్సుకు టైమైందని వచ్చేశాను. ఉపన్యాసం ఇచ్చిన మనిషీ నేనే, ఒక మనిషిని ఆమె సొంత పెరట్లోకి వెళ్ళొద్దన్నదీ నేనే. ఆ రాత్రి పూజ గదిలో శ్లోకం సగంలో మర్చిపోయాను.

ముప్పై ఏడో రోజు మధ్యాహ్నం లీడరమ్మ నుంచి ఫోను. "మేడంగారూ! పిందె నిలబడిందండీ! ఒకటి కాదు, పది దాకా ఉన్నాయి. వేలు పొడుగున ఉన్నాయి. చూశారా నా చెయ్యి!"

నిజం చెప్పాలంటే నాకు సంతోషమే వేసింది. కళ్ళు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఆ దణ్ణం అయిపోయిన తర్వాత గానీ పెద్దామె గుర్తు రాలేదు. అయితే ఆ ఊళ్ళో అందరూ అన్నదే నిజమా? ఇన్నేళ్ళూ ఆ మాట పడ్డ మనిషి సంగతేంటి? రేపటి నుంచి ఆమె ఆ ఊళ్ళో ఎలా తిరుగుతుంది?

మర్నాడు మొదటి బస్సుకే బయలుదేరాను. తోటల్లో మంచు ఇంకా తెరలు తెరలుగా ఉంది. చెట్ల మొదళ్ళు కనపడకుండా, పూత మాత్రం గాలిలో తేలుతున్నట్టుంది. చెప్పుల చప్పుడు కూడా వినపడలేదు. పెంకుల గది పక్క నుంచి పెరటి వైపు తిరిగేసరికి ఆమె కనపడింది.

పందిరి కింద, తలకు కొంగు చుట్టుకుని, ఒక పోతు పువ్వు తెంపింది. దాని రేకులు ఒక్కొక్కటే వలిచేసింది. మిగిలిన నడిమి మొగ్గను రెండు వేళ్ళతో పట్టుకుని, పిందె చివర విచ్చుకున్న పువ్వులో మెత్తగా ఆనించింది. పసిబిడ్డకి బొట్టు పెట్టినట్టు. తర్వాత ఇంకో పిందె దగ్గరికి జరిగింది. నేను ఎంతసేపు అలా చూస్తూ నిలబడ్డానో తెలియదు. మంచులో ఆ పసుపు పూలు, ఆ చెయ్యి తప్ప నాకు ఇంకేమీ గుర్తు లేదు.

నన్ను చూసి ఉలిక్కిపడి, పువ్వు కింద పడేసి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"చేత్తో ముట్టుకోలేదమ్మా" అంది. "ఒట్టు. పువ్వుతోనే ముట్టుకున్నా."

 ఆమె నేను కోప్పడతాననుకుని, గబగబా చెప్పుకుపోయింది. "ఈ తోటలో మందు కొట్టిన కాడ్నుంచీ తేనెటీగ వాలట్లేదండీ. ఇరవై ఏళ్ళ నుంచి ఒక్కదాన్నే కూచుని చూస్తన్నాగా, అది ఏ పువ్వు మీంచి ఏ పువ్వు మీదకి పోద్దో నాకు తెలుసు. ఈ పువ్వులో పసుపు ఆ పువ్వుకి పూసిపోద్ది. ఈగ రాకపోతే ఆ పని ఎవరు చేస్తారు? మీకు చెప్దామనుకున్నా. చదువుకున్నోళ్ళు, మీకు తెలియదా అని ఊరుకున్నా. మీరు రావొద్దన్నాక ఇంక చూడలేకపోయా. లీడరమ్మ వచ్చే లోపల బయటికొచ్చేస్తన్నా."

"ఎప్పటి నుంచి పెద్దమ్మా?"

"మీరు వద్దన్న మర్నాటి నుంచే."

సంచిలో విత్తనం పొట్లం ఉంది. తీసి చూశాను. పొట్లం అంటించిన మడత కింద, చిన్న అక్షరాల్లో, చివరి వాక్యం: తేనెటీగలు తిరిగే చోట నాటాలి, పూత సమయంలో దగ్గరలో పురుగు మందు కొట్టరాదు. చదవడం వచ్చని ఉద్యోగమిచ్చారు నాకు. చివరి ముక్క లేని కాగితాల మీద చదువు నేర్చుకున్నదాన్ని, చివర ఒకటి ఉంటుందని వెతకనే లేదు.

ఆ మట్టిలోనే కూర్చుండిపోయాను. "నన్ను క్షమించు పెద్దమ్మా" అన్నాను. ఆమె కంగారుపడిపోయి, "అయ్యో, చీర పాడైపోద్ది, లేవండి" అంది. తర్వాత కాస్త ఆగి, కొంటెగా, "మోకాళ్ళ నొప్పులు మీకే ఉన్నట్టున్నాయి, లేవలేకపోతున్నారు" అంది. ఇద్దరం నవ్వాం. నేను ఏడ్చాను కూడా. ఎండెక్కే లోపల ఆమె నాకూ ఒక పువ్వు వలిచి ఇచ్చింది. ఎలా పట్టుకోవాలో, ఎంత మెల్లగా ఆనించాలో చూపించింది. ఆ చదువు నాకు అలా వచ్చింది.

నలభై రెండో రోజున జీపులో సారు, ఆటోల్లో విస్సన్నపేట వైపు నుంచి కూడా ఆడవాళ్ళు వచ్చారు. పందిరి నిండా జానెడేసి లేత కాయలు, ఒంటి నిండా సన్నటి నూగుతో. అటెండరు గారు ఒకటి కోసి కరకరమని నమిలి, "నలభై రోజుల బిడ్డకి ఎంత రుచి చెల్లెమ్మా" అన్నారు. సారు ముచ్చటపడి, "ఎవరమ్మా ఈ పాదులు పెంచింది?" అని అడిగారు.

"నేనేనండీ నీళ్ళు పోసింది" అంది లీడరమ్మ. అది అబద్ధం కాదు. ఆఫీసు ఫోన్‌లో ఆవిడ ఫొటో, చేతిలో కాయతో, పడిపోయింది. పెద్దామె కంచె బయట, మామిడి చెట్టు నీడలో నిలబడి ఉంది. జనం కాయల్ని చూస్తుంటే తను జనాన్ని చూస్తోంది.

నా నోట మాట వెంటనే రాలేదు. వచ్చిందని రాసుకోవచ్చు, ఎవరికి తెలుస్తుంది? కానీ రాలేదు. ఆమెకు అన్యాయం చేసింది నేనేనని చెప్పకుండా ఆ నిజం చెప్పడానికి వీల్లేదు. సారు ఎదుట, అన్ని ఊళ్ళ ముందు. ఆఖరికి అన్నాను: "నీళ్ళు పోసింది ఈవిడండీ. కాయ నిలబెట్టింది ఆవిడ. నేను ఆవిడని పాదుల దగ్గరికి వెళ్ళొద్దన్నాను, ఆవిడ చెయ్యి మంచిది కాదని నేనూ నమ్మాను. నేను వద్దన్నా, తెల్లారకముందే లేచి ఒక్కో పిందెకీ పువ్వు ఆనించి ఈ కాయలన్నీ నిలబెట్టింది." పొట్లం మీది చివరి వాక్యం కూడా గట్టిగా చదివాను.

 లీడరమ్మ మొహం ఎర్రబడింది. కంచె బయట ఉన్న అత్త వంక చూసి, "అయితే మా అత్త తేనెటీగ అన్నమాట! ఇన్నేళ్ళూ కుడుతుందని భయపడి చచ్చాం" అంది. అందరూ ఘొల్లున నవ్వారు. పెద్దామె కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సారు ఆమెను లోపలికి పిలిచి, ఎలా చేశారో చూపించమన్నారు. అందరి ఎదుటా ఆ చెయ్యి ఒక పువ్వు తెంపింది. ఈసారి వెనక్కి పోలేదు.

జనమంతా వెళ్ళిపోయాక, లీడరమ్మ గేటు దాకా పోయి వెనక్కి వచ్చింది. పందిరి గుంజను గోకుతూ, ఎటో చూస్తూ అంది: "అత్తా, మా గుమ్మడి పాదు పిందెలు కూడా రాల్తన్నాయి. రేపు పొద్దున ఓసారి మా పెరట్లోకి వచ్చి, నీ చెయ్యి వేసి పో."

 పెద్దామె తల ఊపింది. నేను బస్సెక్కే దాకా నాతో నడిచింది. బస్సు కదిలే ముందు, "ఒక్క కాయే అడిగా మేడంగారూ" అంది.

ఆ తర్వాత మామిడి పూత రోజుల్లో ఎప్పుడు వెళ్ళినా ఆమె గదికి తాళం ఉండేది. పొద్దున్నే ఊళ్ళో ఎవరిదో ఒక పెరట్లో పిందెలకి పువ్వు ఆనిస్తూ ఉండేది. ఆ మరుసటి ఏడు విత్తనాలకి మొదటి పిడికెడు ఆమె చేత చల్లించారా అంటే, లేదు. అది లీడరమ్మదే. ఊళ్ళు అంత తొందరగా మారవు. కానీ గట్టు మీదకి రమ్మని మాత్రం పిలిచారు, ఆమె వెళ్ళి కూర్చుంది. మా సంస్థ అచ్చు వేసిన కాగితంలో లీడరమ్మ ఫొటోనే వచ్చింది, అప్పటికే పంపేశామన్నారు. నేను బాధపడుతూ చూపిస్తే పెద్దామె ఆ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసి, "కాయ బాగా పడిందిగా" అంది.

ఆమె ఇప్పుడు లేరు. నేను రిటైరయ్యాను. మా ఇంటి వెనక నాలుగు కీర పాదులు వేసుకున్నాను, పూజ కాగానే వాటి దగ్గరికి వెళతాను. ఆమె పేరు నేనిక్కడ రాయలేదు, ఎవరి పేర్లూ రాయలేదు. మీరు పని చేసే ఊళ్ళలో చెయ్యి వెనక్కి లాక్కునే మనిషి ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారు. ఆ మనిషికి ఉపన్యాసం ఇవ్వకండి, ఆమె ఏం చూసిందో అడగండి. నన్ను గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మీ పెరట్లో పిందెలు పసుపు తిరిగి రాలుతున్న పొద్దున, ఒక పోతు పువ్వు తెంపి, రేకులు వలిచి, మెత్తగా ఆనించేటప్పుడు మాత్రం, ఒక్క కాయ అడిగిన ఆ పెద్దామెను ఓసారి తలుచుకోండి.